సుగ్గికి పోకముందే మీ ఎద్దును ఒక మంచి ఫోటో తీసి పెట్టుకోండి

మన కోసిగి తట్టు ఏ ఇంట్లోకి పోయినా గోడ మీద దేవుని పటాలు ఉంటాయి. వాటి పక్కన పోయిన అబ్బదో అవ్వదో ఫోటో, దానికొక దండ. ఇప్పుడు ఆ గోడ మీదికి ఇంగో బొమ్మ ఎక్కుతాంది. ఇంటి ఎద్దు బొమ్మ, లేకుంటే కుక్కది, పొట్టేలుది. నేను పెన్సిల్ బొమ్మలు గీస్తాను. ముందంతా మనుషుల బొమ్మలే అడిగేవాళ్లు. ఇప్పుడు పిల్లోళ్లు ఫోన్ చేసి “అన్నా, మా ఎద్దు బొమ్మ గీసిస్తావా, నాయనకు చూపియ్యాల” అంటాండారు. వినడానికి సంతోషంగా ఉంటాది. ఆ వెనకాలే వాట్సాప్‌లో ఫోటో వస్తాది. తెరిచి చూస్తే ముందర ఒక తమ్ముడు నల్లద్దాలు పెట్టుకొని నిలబడి ఉంటాడు. వాని భుజం వెనకాల ఒక కొమ్ము, సగం మూపురం కనపడతాంటాయి.

ఆ సగం మూపురంతో మీ ఎద్దును గీయడం ఎవరి వల్లా కాదు. గీస్తే అది ఏదో ఒక ఎద్దు అవుతాది. బొమ్మ గీసేవానికి మీ కొట్టం తెలియదు, మీ ఎద్దు నడక తెలియదు, అది మిమ్మల్ని చూసి చెవులు ఎట్ల తిప్పుతాదో తెలియదు. వానికి తెలిసేదంతా మీరు పంపిన ఫోటోలో ఉన్నంతే. అందుకే బొమ్మ బాగా వస్తాదా రాదా అనేది సగానికి పైగా మీ ఫోన్ దగ్గరే తేలిపోతాది. దానికి పెద్ద కెమెరా అక్కర్లేదు. మామూలు ఫోను, రవంత ఓపిక, రవంత తెలివిడి ఉంటే సాలు. ఆ తెలివిడి ఏందో గీసేవాని తట్టు నుంచి విప్పి చెప్తాను.

ఎందుకింత పట్టింపు

పడమటి కర్నూలు సంగతి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. వాన తక్కువ, ఎక్కువ చోట్ల పంట ఒకటే. ఆ పంట పనులు అయిపోతానే ఊర్లకు ఊర్లు సుగ్గికి కదుల్తాయి. గుంటూరు తట్టు మిరపకాయలు కోయడానికో, తెలంగాణలో పత్తి తీయడానికో మూటాముల్లె కట్టుకొని పోతారు. ఇంటికి తాళం పడతాది. ముసలోళ్లు ఉంటే గొడ్లను వాళ్లకు అప్పజెప్తారు, లేకుంటే అమ్మేస్తారు. ఇంగో పక్క ట్రాక్టర్లు వచ్చినాక కాడెద్దుల ఇండ్లు తగ్గిపోతాండాయి. ఎమ్మిగనూరు జాతర సంతలో పగ్గం చేతులు మారినాక ఆ ఎద్దు మళ్లా మన కండ్ల బడేది అనుమానమే.

పదేండ్లు మన సేను దున్నిన జీవానికి గుర్తుగా మన దగ్గర ఏం మిగుల్తాది? ఒక చెర్నాకోల, ఒక గంటల పట్టెడ, ఫోన్‌లో ఒక మసక ఫోటో. మనిషికైతే ఆధార్ ఫోటో ఉంటాది, పెండ్లి ఆల్బం ఉంటాది, బడిలో తీసిన గ్రూప్ ఫోటో ఉంటాది. ఎద్దుకు మనం తీస్తేనే ఫోటో. అమ్మే ముందు రోజు హడావుడిగా తీసే ఫోటోలో మనకూ మనసు నిలవదు, దానికీ నిలకడ ఉండదు. ఒళ్లు నిండుగా, కండ్లలో కళ ఉన్నప్పుడే తీయాల. బొమ్మ ఇప్పుడే గీయించకపోయినా ఏం కాదు. ఫోటో ఉంటే పదేండ్ల తర్వాతైనా గీయించుకోవచ్చు. ఫోటో లేకుంటే ఎంత డబ్బు పెట్టినా ఆ ముఖం తిరిగి రాదు.

ఎండను ఎట్ల వాడుకోవాల

మన సీమలో వెలుతురుకు కరువు లేదు. చిక్కంతా అది మరీ ఎక్కువ కావడమే. మద్దేనం పూట తీస్తే ఎండ నెత్తి మీద నుంచి దిగుతాది. మూపురం, వీపు తెల్లగా కాలిపోయినట్ల వస్తాయి. కంటి గుంతలు నల్లగా పూడిపోతాయి. కడుపు కింద ఏముందో కనపడదు. గీసేవానికి కావాల్సింది వెలుగు నుంచి నీడలోకి మెల్లగా దిగే మెట్లు. ఆ మెట్లను చూసే ఎముక యాడ లేసింది, కండ యాడ వంగింది అని వాడు పట్టుకుంటాడు. మెట్లు లేకుండా తెలుపు, నలుపు రెండే ఉంటే బొమ్మ అట్టముక్క కత్తిరించినట్ల ఉంటాది.

పొద్దు పొడిచినాక ఒక గంట, గంటన్నర. మాయిటాల పొద్దు గూకే ముందు ఒక గంట. ఈ రెండు పూటలే మంచివి. అప్పుడు ఎండ పక్కనుంచి మెత్తగా పడతాది. పొద్దు మీ వీపు తట్టు, రవంత పక్కకు ఉండేటట్ల నిలబడండి. మోడం పట్టిన రోజైతే ఏ పూటైనా తీయొచ్చు, మోడమే పెద్ద తెర మాదిరి ఎండను పలచన చేస్తాది.

నీడలో తీయాలనుకుంటే వేపచెట్టు కింద మాత్రం వద్దు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు ఒంటి మీద ఉంటాయి. ఫోటోలో చూస్తే అవి ఎద్దు మచ్చలా, ఎండ మచ్చలా తెలియదు. దానికంటే మీ గొడ్ల కొట్టం వాకిలి మేలు. ఎద్దును గడపకు రవంత లోపల, ముఖం బయటి తట్టు ఉండేటట్ల నిలబెట్టండి. మీరు బయట నిలబడండి. వెలుతురంతా ముఖం మీద పడతాది, వెనకాల చీకట్లో సొప్ప మోపులు, పాత సైకిలు అన్నీ కనపడకుండా పోతాయి. టౌన్‌లో స్టూడియో వాళ్లు నల్ల గుడ్డ కట్టి చేసే పని మన కొట్టం ఊరికే చేసిపెడతాది.

ఫ్లాష్ వేయొద్దు. ఎద్దు, ఎనుము, మేక, కుక్క, పిల్లి, వీటన్నిటి కంటి వెనకాల అద్దం మాదిరి ఒక పొర ఉంటాది. చీకట్లో తక్కువ వెలుతురుతోనే చూడడానికి అది సాయం చేస్తాది. ఫ్లాష్ వెలుతురు ఆ పొరకు తగిలి తిరిగొస్తాది. అందుకే ఫోటోలో కండ్లు ఆకుపచ్చగానో, పసుపుగానో దీపాల మాదిరి మండతాయి. అట్ల మండిన కంటిని చూసి గీసేవాడు ఏం గీయాల? పైగా జీవం బెదురుతాది.

ఎంత ఎత్తు, ఎంత దూరం

మనం నిలబడి కుక్కను తీస్తే తల పెద్దగా, కాళ్లు పొట్టిగా వస్తాయి. అది పైనుంచి చూసిన చూపు. బొమ్మలో బాగుండేది కంటికి కన్ను కలిసే చూపు. ఎద్దుకైతే మీరు నిలబడిన ఎత్తు కంటే రవంత కిందికి, ఫోన్‌ను రొమ్ము దగ్గర పట్టుకుంటే దాదాపు సరిపోతాది. పొట్టేలుకు మోకాళ్ల మీద కూసోవాల. కుక్కకు, పిల్లికి ఇంగా కిందికి దిగాల. తెలియని ఎద్దు ముందర, పొగరు పొట్టేలు ముందర మాత్రం నేల మీద కూసోవద్దు. పగ్గం దాని మనిషి చేతిలోనే ఉండాల.

దూరం సంగతి ఎక్కువ మంది పట్టించుకోరు. ఫోన్ మెయిన్ కెమెరా వెడల్పుగా చూస్తాది. ముఖం నిండా రావాలని మూతి దగ్గరికి పోయి తీస్తే ముట్టె కుండంత అవుతాది, చెవులు వెనక్కి పోయి చిన్నగా అయిపోతాయి, కొమ్ముల వంపు మారిపోతాది. దగ్గరున్నది పెద్దగా, దూరమున్నది చిన్నగా కనపడడమే దీనికి కారణం. ముట్టె నుంచి కొమ్ముకు మూరెడు పైనే దూరం ఉంటాది. మీరు రెండు మూరల దూరంలో ఉంటే ఆ తేడా శానా పెద్దది. పది, పన్నెండు అడుగులు వెనక్కి పోతే ఆ తేడా లెక్కలోకి రాదు. కాబట్టి నాలుగడుగులు వెనక్కి పోండి, 2ఎక్స్ జూమ్ పెట్టండి. 0.5 అని ఉండే వెడల్పు కెమెరాను ముట్టుకోవద్దు. ఒంగోలు ఎద్దుకు కొమ్ములు పొట్టి, హళ్లికార్‌కు పొడుగ్గా వెనక్కి వంగి ఉంటాయి. కొమ్ము వంపు మారితే ఎద్దు జాతే మారినట్ల ఉంటాది.

పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఆపేయండి. అది మనిషి ముఖం చుట్టూ మసక చేయడానికి పనికొస్తాది. కొమ్మును, చెవిని చూసి ఇది వెనకాలది అనుకొని వాటిని కూడా మసకలో కలిపేస్తాది. ఫిల్టర్లు వద్దు. జేబులో ఉండి కెమెరా అద్దానికి దుమ్ము, చెమట అంటి ఉంటాయి, మెత్తటి గుడ్డతో తుడిచి మొదలుపెట్టండి. ఈ ఒక్క పనితోనే శానా ఫోటోల మసక పోతాది.

కర్రి, మైల, పుల్ల

కర్రెద్దును తీస్తే బూడిద రంగులో వస్తాది, తెల్లెద్దును తీస్తే సున్నం గోడ మాదిరి వస్తాది. ఫోన్ చెడిపోయిందని కాదు. తెర మీద ఉండేదంతా నడిమధ్య వెలుతురులో ఉండాలని ఫోన్ లెక్క వేసుకుంటాది. నల్లది ఎక్కువ కనపడితే చీకటి అనుకొని వెలుతురు పెంచుతాది. చుట్టూ చీకటి ఉండి నడుమ తెల్లది ఉన్నా పెంచుతాది, అప్పుడు తెల్లది కాలిపోతాది.

దీనికి మందు సులువు. తెర మీద ఎద్దు ఒంటిని వేలితో తాకండి. పక్కన పొద్దు గుర్తు వస్తాది. వేలిని కిందికి జరిపితే వెలుతురు తగ్గుతాది, పైకి జరిపితే పెరుగుతాది. తెల్లెద్దు అయితే మూపురం మీద వెంట్రుకలు, చర్మం ముడతలు కనపడేదాకా తగ్గించండి. కర్రెద్దు అయితే నలుపు నలుపుగా ఉండి, దాంట్లో కండల మెరుపు కనపడే దగ్గర ఆపండి. రవంత చీకటిగా ఉన్న ఫోటోను తర్వాత వెలుతురు చేయొచ్చు. తెల్లగా కాలిపోయిన చోట ఏమీ మిగలదు, దాన్ని వెనక్కి తేలేం.

రంగు మాట నోటితో కూడా చెప్పండి. మైల ఎద్దు ఫోటోలో తెల్లగా వస్తాది. పుల్ల ఎద్దు సాయంత్రం ఎండలో ఎర్రగా వస్తాది. “ఇది మైల, మెడ దగ్గర రవంత నలుపు తిరిగింది” అని ఒక్క వాయిస్ మెసేజ్ పెడితే రంగుల బొమ్మ వేసేవానికి అదే పెద్ద సాయం. మన నోట్లో ఉండే ఈ రంగుల పేర్లు ఏ ఫోన్‌కూ తెలియవు.

ఒక్కటి సాలదు, మూడు కావాల

నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను కనీసం మూడు ఫోటోలు అడుగుతాను.

మొదటిది ముఖం. సూటిగా ముందు నుంచి కాకుండా, రవంత పక్కకు నిలబడి తీసింది. రెండు కండ్లూ కనపడాల, ఒక దవడ వెడల్పు కూడా తెలియాల. కొమ్ముల కొనలు తెగిపోకుండా పైన జాగా వదలాల.

రెండోది పక్కనుంచి నిండు ఒళ్లు. గిట్టల నుంచి మూపురం దాకా, ముట్టె నుంచి తోక కుచ్చు దాకా. నాలుగు కాళ్లూ విడివిడిగా కనపడాల. ఎద్దును ఎద్దుగా చూపించేది ఈ పక్క చూపే. బళ్లారి దగ్గర సంగనకల్లు పక్కన కుప్‌గల్ గుట్ట ఉంది. మన ఆదోనికి కోసిగికి నడుమ రైలు ఆగే కుప్‌గల్ వేరు, ఇది వేరు. ఆ గుట్ట నల్లరాళ్ల మీద నాలుగైదు వేల ఏండ్ల కిందటి మనుషులు రాతితో రాతిని కొట్టి ఎద్దుల బొమ్మలు చెక్కినారు. మూపురం, పొడుగు కొమ్ములు చూస్తానే తెలిసిపోతాయి, ఎందుకంటే ఒంటిని పక్కనుంచి చూపించినారు. చేతిలో రాయి తప్ప ఏమీ లేనోళ్లకు తెలిసిన సంగతి ఇది. మన ఒంగోలు జాతి సముద్రం దాటి బ్రెజిల్‌కు పోయి నెల్లూరు పేరు మీద నెలోర్ అయింది. అక్కడ వేలాల కోసం తీసే ఫోటోల్లో కూడా పశువును పక్కనుంచే నిలబెడతారు, కొనేవానికి ఒడ్డూ పొడుగూ తెలియాల కాబట్టి.

మూడోది గుర్తులు. నొసటి సుక్క, సుడి యాడ తిరిగింది, విరిగి అతుక్కున్న కొమ్ము, కాడి మోసి మోసి మెడ మీద కాసిన కాయ, చెవి మీద గాటు. దగ్గరి నుంచి ఒక్కొక్కటి వేరే తీయండి. సంతలో ఎద్దును కొనేటప్పుడు మన పెద్దోళ్లు సుడులన్నీ చూసే కదా బేరం ఆడేది. ఫోటో తీసేటప్పుడు ఆ చూపు ఎందుకు వదిలేయాల? బొమ్మ చూసి ఇంట్లో అమ్మ “ఇది మన ఎద్దేరా” అనేది ఈ గుర్తులను చూసే. ముట్టె మీద గీతలు కూడా మన వేలిముద్రల మాదిరే, ఒక పశువుకు ఉన్నట్ల ఇంగో పశువుకు ఉండవు. చెవికి 12 అంకెల పసుపు ట్యాగు ఉంటే అది కూడా కనపడేటట్ల ఒక ఫోటో విడిగా తీసి దాచుకోండి, పశువుల బీమా చేయించేటప్పుడు పనికొస్తాది. బొమ్మలో ట్యాగు ఉండాలనో వద్దనో గీసేవానికి ముందే చెప్పండి.

జోడెద్దులైతే ఇంగో జాగ్రత్త ఉంది. ఏది ఎలపట, ఏది దాపట అని రాసి పంపండి. వెనకాల నడిచే సేద్యగానికి ఎలపటెద్దు కుడి పక్క ఉంటాది. ముందు నుంచి ఫోటో తీస్తే అదే ఎడమ పక్క కనపడతాది, ఇది మామూలే. అయితే సెల్ఫీ కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లు ఫోటోను అద్దంలో మాదిరి తిప్పేసి పెడతాయి. ఎలపటది దాపటకు పోతాది. కుడి కొమ్ము వంపు ఎడమకు పోతాది. ఊర్లో ఎవరికి తెలియకపోయినా ఆ జోడును తోలిన మనిషి చూస్తానే పట్టేస్తాడు. సెల్ఫీ కెమెరాతో ఎద్దు ఫోటో తీయొద్దు అనడానికి ఇదొక్కటి సాలు.

చెవులు ముందుకు తిరగాల

జీవం మనసులో ఏముందో చెవులు చెప్తాయి. చెవులు వెనక్కి అతుక్కొని ఉంటే బెదిరింది, లేదా ఇసుక్కుంటాంది. చెవులు ముందుకు తిరిగి ఉంటే దేన్నో ఇష్టంగా గమనిస్తాంది. ఆ గడియలోనే ఫోటో నొక్కాల. ఒకరు మీ వెనకాల నిలబడి సొప్ప గలగలలాడించినా, రోజూ పిలిచే పిలుపు పిలిచినా సాలు, చెవులు తిరుగుతాయి. అన్నిసార్లూ అదే సద్దు చేస్తే మూడోసారికి పట్టించుకోదు, కాబట్టి ఫోన్ సిద్ధం చేసుకున్నాకనే పిలవండి. బెల్లం ముక్క ఒకటి పెట్టొచ్చు. ఫోటో కోసమని గంపెడు ధాన్యమో, అన్నమో పెట్టొద్దు, కడుపు ఉబ్బుతాది.

ఎద్దు కండ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనపడతాది. నడి వెనకాల మాత్రం కనపడదు. ఆ తట్టు నుంచి చప్పుడు లేకుండా పోతే తన్నుతాది. పక్కనుంచి మాట్లాడతా పోండి. ముఖాన్ని తడి గుడ్డతో తుడవండి, కంటి పుసి, ఈగలు పోతాయి. మూతికి చిక్కం ఉంటే తీసేయండి. ముకుతాడు, గంటల పట్టెడ ఉండొచ్చు, అవి దాని సొంతమే. లేపాక్షిలో ఒకే రాతిలో చెక్కిన నందిని చూడండి. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడుగు. అంత పెద్ద రాయిలో కూడా శిల్పి మెడలో గంటలను వదిలిపెట్టలేదు.

పరిగెత్తేదాన్ని తీయాలంటే వెలుతురు బాగుండాల. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ దారి పక్కన వరసగా కెమెరాలు పెట్టి, పరిగెత్తే గుర్రాన్ని తీసినాడు. నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయని అప్పుడు రుజువైంది. కెమెరా కన్ను రెప్పపాటు కంటే శానా తక్కువ సేపు తెరుచుకుంటేనే అది కుదిరింది. అంత తక్కువ సేపట్లో ఫోటో పడాలంటే వెలుతురు ఎక్కువ కావాల. మీ ఫోన్‌కూ అదే లెక్క. మాయిటాల చీకటి పడినాక బండలాగుడు పందెం తీస్తే గీతలు తప్ప ఏమీ రావు. బొమ్మకైతే నిలబడిన ఫోటోనే మేలు. నొక్కి పట్టుకొని పది, ఇరవై తీసి, మంచిది ఏరుకోండి.

ఏరువాక రోజు ఏ పూట తీయాల

ఏరువాక పున్నమికి ఎద్దులను కడుగుతారు, కొమ్ములకు రంగులేస్తారు, పూలు, బెలూన్లు కడతారు. అందరి స్టేటస్‌లూ ఆ రోజు ఎద్దులతోనే నిండుతాయి. ఆ ఫోటోల్లో మాత్రం పూలు ఎక్కువ, ఎద్దు తక్కువ. డప్పుల చప్పుడుకు కంటి తెల్లగుడ్డు బయటికి వచ్చి ఉంటాది, అది బెదురు. ఆ రోజు మంచి గడియ పొద్దున్నే ఉంటాది. కడిగినాక ఒళ్లు ఆరి, రంగు ఇంగా వేయకముందు. వెంట్రుక నిగనిగలాడతాంటాది, కొమ్ము అసలు రంగు కనపడతాది. అప్పుడు మూడు ఫోటోలూ తీసుకోండి. ఆ తర్వాత అలంకారం చేసినాక ఇంగొకటి తీసుకోండి. రెండూ ఉంటే ఏది గీయించాలో ఇంట్లోవాళ్లు చెప్తారు.

కుక్క, పొట్టేలు

కుక్కను కట్టేసి తీస్తే ముఖం దిగులుగా ఉంటాది. రవంత ఆడించి, అలిసి కూసున్నాక తీయండి. నోరు తెరిచి, నాలుక రవంత బయటపెట్టి, చెవులు లేపి ఉంటాది, నవ్వినట్లే ఉంటాది. మరీ ఎండలో రొప్పేటప్పుడు వద్దు, నాలుక జానెడు బయటికొచ్చి ముఖమే మారిపోతాది. ఊరి కుక్కలను, తెలియని కుక్కలను ఫోటో కోసం దగ్గరికి పోయి కెలకొద్దు.

పొట్టేలు, మేక కంటి పాప అడ్డంగా గీత మాదిరి ఉంటాది. మసక ఫోటో చూసి గీసినోళ్లు దాన్ని గుండ్రంగా మనిషి కన్ను మాదిరి గీసేస్తారు. అప్పుడు అంతా బాగున్నా బొమ్మలో ఏదో తేడా కొడతాది. కాబట్టి వాటి కంటి ఫోటో ఒకటి దగ్గరి నుంచి, స్పష్టంగా ఉండాల. పొట్టేలు కొమ్ముల చుట్లు రెండు పక్కలా తీయండి.

వాట్సాప్ దగ్గర పాడు చేసుకోవద్దు

ఇంత కష్టపడి తీసిన ఫోటోను మామూలుగా వాట్సాప్‌లో పంపితే అది చిన్నదైపోతాది. 12 మెగాపిక్సెల్ ఫోటో పొడుగున 4000 చుక్కలు ఉంటాయి. మామూలుగా పంపితే అది సుమారు 1600 చుక్కలకు దిగిపోతాది. దాంట్లో ఎద్దు ముఖం నాలుగో వంతు ఉందనుకోండి, ముఖానికి దక్కేది 400 చుక్కలే. కంటికి ఇరవై, ముప్ఫై వస్తాయేమో. ఆ ముప్ఫై చుక్కల్లో రెప్ప వెంట్రుకలు యాడ వెతకాల? మంచి ప్రింట్ కావాలంటే అంగుళానికి 300 చుక్కలు లెక్క. 4000 చుక్కల ఫోటో 13 అంగుళాలకు నిలబడతాది, 1600 చుక్కలది 5 అంగుళాలు దాటితే పలచబడతాది.

పంపేటప్పుడు గ్యాలరీ గుర్తు నొక్కకుండా డాక్యుమెంట్ అని ఉండేది నొక్కి, ఫోటో ఫైల్‌ను ఏరి పంపండి. తీసింది తీసినట్లే పోతాది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇచ్చినా సరే. స్టేటస్‌ను స్క్రీన్‌షాట్ కొట్టి పంపొద్దు. మీరు కత్తిరించొద్దు, కత్తిరించే పని గీసేవానికి వదిలేయండి. ఫోన్ పగిలితే ఫోటో కూడా పోతాది కాబట్టి ఇంగో చోట ఒక కాపీ దాచండి. పనికి ఒప్పుకునే ముందు బొమ్మ సైజు ఎంత, రేటు ఎంత, పటం కట్టి ఇస్తారా లేదా మాట్లాడుకోండి. గీతల చిత్తు బొమ్మను ముందు చూపించమని అడగండి. కొమ్ము వంపు తప్పుంటే ఆ దశలో దిద్దడం సులువు.

ఈ మధ్య ఒక మాట ఎక్కువ వింటాండా, “ఏఐ యాప్‌లో వేస్తే క్షణంలో బొమ్మ వస్తాది కదన్నా” అని. వస్తాది. ఫోటోలో లేనిదాన్ని ఆ యాప్ ఊహించి పూడుస్తాది. అది చూసిన వేల ఎద్దుల్లోంచి ఒక అందమైన ఎద్దును తయారు చేస్తాది. విరిగిన కొమ్ము బాగవుతాది, మెడ మీద కాయ మాయమవుతాది, సుడి చెరిగిపోతాది. స్టేటస్‌కు అది సరిపోవచ్చు. మీ నాయన పదేండ్లు వెనకాల నడిచిన ఎద్దు కావాలంటే మాత్రం ఆ కాయ ఉండాల, ఆ విరుపు ఉండాల.

జీవం ఇప్పటికే పోయి ఉంటే

చనిపోయిందో, అమ్మేసినారో, మంచి ఫోటో లేదు. అయినా వెతికితే దొరుకుతాది. ఇంట్లో అందరి ఫోన్లు చూడండి, పాత మెమరీ కార్డులు చూడండి. అక్క పెండ్లి వీడియోలో వాకిలి దగ్గర కట్టేసి ఉండొచ్చు. ఏరువాక రోజు పక్కింటోళ్లు తీసిన ఫోటోలో వెనకాల ఉండొచ్చు. దొరికినవన్నీ పంపండి. ఒక దాంట్లో నిలబడిన తీరు, ఇంగో దాంట్లో కొమ్ము, ఇంగో దాంట్లో నొసటి సుక్క తీసుకొని గీసేవాడు కలుపుకుంటాడు. దాన్ని మేపినోళ్లతో ఫోన్‌లో మాట్లాడించండి. నేనైతే అట్ల మాట్లాడినాకనే పెన్సిల్ పడతాను. ఫోటోలో లేనిది వాళ్ల నోట్లో శానా ఉంటాది.

ఇంకా కొట్టంలో ఉన్న జీవానికి మాత్రం ఇంత వెతుకులాట అక్కర్లేదు. దీపావళి దాటితే మళ్లా సుగ్గి బండ్లు కదుల్తాయి. ఆ లోపల ఒక పొద్దున లేసి, ఫోన్ అద్దం తుడిచి, మీ ఎద్దును కొట్టం వాకిట్లో నిలబెట్టండి. సెల్ఫీ తర్వాత దిగొచ్చు. ముఖం ఒకటి, పక్క ఒకటి, గుర్తులు ఒకటి తీసి, దాని పేరు, రంగు, వయసు, ఎలపటదో దాపటదో రాసి దాచుకోండి.